పరిశీలక బోరు నుంచి నీటి శాంపిల్ తీయడం ఎలా: డంప్‌యార్డు పక్క బోరు నుంచి ల్యాబ్ దాకా

భూగర్భ జలం చెడిందో లేదో ల్యాబ్ తేలుస్తుందని అనుకుంటాం. ల్యాబ్ తేల్చేది సీసాలో ఏముందన్నది మాత్రమే. అందులో ఉన్నది రాతి పగుళ్లలో కదులుతున్న నీరేనా, లేక నెలల తరబడి గొట్టంలో నిల్వ ఉండి, గాలి తగిలి, తుప్పు కలిసి మారిపోయిన నీరా అన్నది బోరు దగ్గరున్న మనిషి చేతిలో ఉంటుంది. లక్షలు పోసి కొన్న మిషన్ కూడా తప్పుడు నీటిని సరిగ్గా కొలిచి ఇస్తుంది, అంతే.

ఉదాహరణకు హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ లాంటి డంప్‌యార్డు పరిసరాలను తీసుకుందాం. చెత్త గుట్టల అడుగు నుంచి ఊరే నల్లటి నీటిని లీచేట్ అంటారు. అక్కడి మల్కారం చెరువు పాడైంది దానివల్లే. పటాన్‌చెరు, బొల్లారం లాంటి పారిశ్రామికవాడల్లోనైనా, పెట్రోల్ బంకు కింది ట్యాంకు కారిందని అనుమానం వచ్చిన చోటైనా శాంపిల్ తీసే పద్ధతి దాదాపు ఇదే. వెతకాల్సిన పదార్థాలే మారతాయి.

ముందు బోరు గురించి తెలుసుకోండి

రైతు బోరు వేరు, పరిశీలక బోరు వేరు. మన దగ్గర రైతు బోరుకు పైనున్న మెత్తటి పొర వరకే కేసింగ్ దింపుతారు. కింద రాయి తెరిచే ఉంటుంది. మోటారు ఆన్ చేస్తే మూడు నాలుగు పగుళ్ల నీరు కలిసి పైకొస్తుంది. పై పొరలో కాలుష్యం ఉన్నా, కింది మంచి నీటితో కలిసి పలచబడిపోతుంది. రిపోర్టులో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

పరిశీలక బోరును, అంటే పీజోమీటర్‌ను, ఒక నిర్ణీత లోతులోని నీటి కోసమే కడతారు. ఆ లోతులో రంధ్రాలున్న పైపు, దాని చుట్టూ గులకరాళ్లు, పైన నీరు దిగకుండా బెంటొనైట్ మట్టి, ఆపైన సిమెంటు, చివరికి తాళం వేసిన మూత ఉంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ నేలల్లో పైన శిథిలమైన మెత్తటి రాయి, దాని కింద పగుళ్లున్న గట్టి రాయి ఉంటాయి. లీచేట్ ముందుగా దిగేది పై పొరలోకే. కాబట్టి రంధ్రాల పైపు ఏ లోతులో ఉందో తెలియకుండా శాంపిల్ తీస్తే, ఆ ఫలితానికి అర్థం చెప్పలేం. బోరు లాగ్, అంటే బోరు వేసినప్పుడు రాసిన వివరాల కాగితం, సంపాదించండి. మొత్తం లోతు, పైపు లోపలి వ్యాసం, రంధ్రాలు మొదలయ్యే, ముగిసే లోతులు రాసి పెట్టుకోండి.

ఒక్క బోరుతో పని జరగదు. నీరు వచ్చే వైపు, అంటే డంప్‌యార్డుకు ఎగువన కనీసం ఒకటి, దిగువన రెండు మూడు ఉండాలి. ఎగువ బోరు ఎందుకో నల్లగొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ నుంచీ రాలేదు, గ్రానైట్‌లోని ఖనిజాల నుంచే నీటిలోకి దిగింది. డంప్‌యార్డు పక్క బోరులో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కనబడగానే చెత్తను నిందిస్తే, ఎగువ బోరులో కూడా అదే 2 ఉన్నప్పుడు మన వాదన కూలిపోతుంది. ఎగువా దిగువా తేల్చేది కంటికి కనిపించే వాలు కాదు, నీటిమట్టం. ఒకే గీత మీద లేని మూడు బోర్లలో నీటిమట్టాన్ని సముద్రమట్టం లెక్కకు మార్చి చూస్తే దిశ తెలుస్తుంది. గట్టి రాతిలో నీరు పగుళ్ల వెంట పోతుంది కాబట్టి ఆ లెక్కను కూడా కొంచెం అనుమానంతోనే చూడాలి.

కాలం విషయానికొస్తే, వానలకు ముందు మే నెలలో, వానలయ్యాక నవంబరులో తీయడం కనీసం. ఒక్కసారి తీసిన శాంపిల్ ఆ రోజు సంగతే చెబుతుంది.

ల్యాబ్‌తో మాట్లాడకుండా బయల్దేరకండి

ఏం పరీక్షించాలో తేల్చుకున్నాకే సీసాలు. లీచేట్ అనుమానమైతే క్లోరైడ్, అమ్మోనియా, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం), ఆల్కలినిటీ (యాసిడ్‌ను తట్టుకునే గుణం), సీఓడీ (నీటిలోని వ్యర్థాలను ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్), నైట్రేట్, ఇనుము, మాంగనీసు, సీసం వంటి భారలోహాలు చూడాలి. వీటిలో నాకు అన్నిటికంటే నమ్మకమైంది క్లోరైడ్. అది మట్టికి అంటుకోదు, విచ్ఛిన్నం కాదు, నీటితో పాటే నడుస్తుంది. కాలుష్యం మొదట చేరిన ఆనవాలు తరచుగా అదే ఇస్తుంది. నైట్రేట్ ఒక్కటే పెరిగితే తొందరపడొద్దు. సెప్టిక్ ట్యాంకులు, పశువుల పాకలు, యూరియా కూడా దాన్ని పెంచుతాయి.

ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితే మంచిది. అయితే గుర్తింపు ల్యాబ్ మొత్తానికి ఉండదు, ఒక్కో పరీక్షకు విడిగా ఉంటుంది. మీకు కావలసిన పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో అడగండి. ఎంత తక్కువ మోతాదు వరకు కొలవగలరో కూడా అడగండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. 0.05 కంటే తక్కువను కొలవలేని ల్యాబ్ "కనబడలేదు" అని రాస్తే దానివల్ల ఉపయోగం లేదు.

సీసాలు ల్యాబ్ నుంచే తెచ్చుకోండి. ఒక బోరుకు సాధారణంగా ఇవి కావాలి:

- లోహాలకు: యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ సీసా. నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్‌ను 2 కంటే తగ్గించాలి. ఆరు నెలల దాకా ఆగుతుంది, పాదరసానికి మాత్రం 28 రోజులే.
- అమ్మోనియా, సీఓడీకి: సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ 2 లోపు, చల్లగా, 28 రోజులు.
- క్లోరైడ్, ఫ్లోరైడ్, టీడీఎస్, ఆల్కలినిటీకి: ఏ యాసిడూ లేని ప్లాస్టిక్ సీసా. ఫ్లోరైడ్‌కు గాజు వాడొద్దు. టీడీఎస్‌ను వారం లోపు చేయించాలి.
- నైట్రేట్‌కు: చల్లగా ఉంచి 48 గంటల్లోపు.
- ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో విషపూరితమైన రూపం) కావాలంటే: 24 గంటల్లోపు. దూరపు ల్యాబ్ అయితే ముందే ఆలోచించుకోవాలి.
- బెంజీన్ వంటి ఆవిరయ్యే పదార్థాలకు: టెఫ్లాన్ పొర మూత ఉన్న 40 మిల్లీలీటర్ల ముదురు రంగు గాజు సీసాలు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే 14 రోజులు, వేయకపోతే 7.
- బ్యాక్టీరియాకు: ల్యాబ్ స్టెరిలైజ్ చేసి ఇచ్చిన సీసా. కొన్ని గంటల్లోనే ల్యాబ్‌కు చేరాలి.

ఈ గడువులు చూస్తే ఒక విషయం తేలుతుంది. శనివారం సాయంత్రం శాంపిల్ తీసి సోమవారం ఇద్దామనుకుంటే నైట్రేట్ గడువు దాదాపు అయిపోయినట్టే. సోమ, మంగళవారాల్లో తీయడమే తెలివైన పని.

మిగతా సామాను: నీటిమట్టం కొలిచే టేపు సౌండర్, పంపు లేదా బెయిలర్ (తాడు కట్టి బోరులోకి దింపి నీరు తోడే సన్నటి గొట్టం), పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత), కరిగిన ఆక్సిజన్, ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ గుణాన్ని చెప్పే వోల్టేజీ), బురదతనం కొలిచే మీటర్లు, 0.45 మైక్రాన్ ఫిల్టర్లు, నైట్రైల్ గ్లౌజుల డబ్బా, ఫాస్ఫేట్ లేని సబ్బు, డిస్టిల్డ్ వాటర్, కొలత బకెట్, ఐస్ బాక్స్, ఫారాలు, తడిసినా చెరగని మార్కర్. పీహెచ్ మీటర్‌ను 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో), ఈసీ మీటర్‌ను 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో ఆ రోజు ఉదయమే సరిచూసి, రీడింగ్ రాసుకోండి. మే నెల ఎండలో మీటర్‌ను బండి డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ క్యాలిబ్రేషన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

బోరు దగ్గర మొదటి పావుగంట

తక్కువ కాలుష్యం ఉంటుందనుకునే బోరుతో మొదలుపెట్టండి, అంటే ఎగువ బోరు. చివరికి లీచేట్ దగ్గరి బోరు. ఈ వరుస తలకిందులైతే ఎంత కడిగినా పంపు వెంట మురికి ఒక బోరు నుంచి ఇంకో బోరుకు పోతుంది.

మూత తీసే ముందు చుట్టూ గడ్డిని కర్రతో కదపండి, ఇనుప పెట్టె లోపల తేళ్లు ఉండొచ్చు. డంప్‌యార్డు పక్కన ఇంకో ప్రమాదం మీథేన్ అనే మండే వాయువు. మూత తీసి కాసేపు పక్కకు నిలబడండి, ముఖం అడ్డంగా పెట్టి తొంగి చూడొద్దు. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. జనరేటర్ ఉంటే గాలి మన నుంచి దానివైపు వీచే చోట, దూరంగా పెట్టాలి. దాని పొగ శాంపిల్‌లోకి చేరితే లేని బెంజీన్ ఉన్నట్టు వస్తుంది. పెట్రోల్ పోసిన చేతులతో సీసాలు ముట్టుకోవడం కూడా అంతే.

కొత్త గ్లౌజులు వేసుకుని సౌండర్ దింపండి. కేసింగ్ అంచు మీద గుర్తు పెట్టిన చోటు నుంచే ప్రతిసారీ కొలవాలి, గుర్తు లేకపోతే ఉత్తరం వైపు అంచున పెట్టండి. సెంటీమీటరు వరకు రాయండి, ఒకసారి కాదు రెండుసార్లు కొలవండి. పెట్రోల్ బంకు దగ్గరి బోరైతే నీటి మీద నూనె పొర తేలుతోందేమో దాన్ని పట్టే ప్రత్యేకమైన ప్రోబ్‌తో చూడాలి. పొర ఉంటే ఆ బోరులో కరిగిన పదార్థాల శాంపిల్ తీయకండి, పొర మందం రాసుకుని ముందుకెళ్లండి. మొత్తం లోతును మాత్రం శాంపిల్ అంతా అయ్యాక కొలవడం మేలు. ముందే టేపును అడుగు దాకా దింపితే అడుగు బురద రేగి గంటలపాటు దిగదు.

నిల్వ నీరు తోడేయడం

పనిలో అసలు భాగం ఇదే. చాలామంది తొందరపడేదీ ఇక్కడే.

పాత పద్ధతి, ఇప్పటికీ ఎక్కువగా వాడేది, బోరులోని నీటికి మూడింతలు తోడటం. లెక్క కష్టమేం కాదు. పైపు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లయితే మీటరు నీటికి దాదాపు 2 లీటర్లు, 100 అయితే 7.85, 150 అయితే 17.7, ఆరున్నర అంగుళాల బోరుకు 21.4 లీటర్లు. 40 మీటర్ల లోతు, 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బోరులో నీరు 12.40 మీటర్ల దగ్గర తగిలిందనుకోండి. నీటి ఎత్తు 27.60 మీటర్లు. దాన్ని 7.85తో గుణిస్తే దాదాపు 217 లీటర్లు. మూడింతలంటే 650 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు ఇచ్చే పంపుతో గంటకు పైనే పడుతుంది. బెయిలర్‌తో చేతులు పడిపోతాయి. పైగా బెయిలర్ కిందకీ మీదకీ ఆడే కొద్దీ బురద లేచి, మట్టి రేణువుల్లోని ఇనుము, సీసం నీటిలో ఉన్నట్టు లెక్కకొస్తాయి.

అందుకే చిన్న పంపు దొరికితే నేను నెమ్మదిగా తోడే పద్ధతినే ఎంచుకుంటాను. పంపును రంధ్రాల పైపు మధ్య భాగానికి, అడుగును తాకకుండా, నిదానంగా దింపాలి. నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్య తోడాలి. పక్కనే సౌండర్ ఉంచి, నీటిమట్టం 10 సెంటీమీటర్లకు మించి పడిపోకుండా వేగాన్ని తగ్గించుకుంటూ పోవాలి. అప్పుడు పైన నిల్వ ఉన్న నీరు కదలదు, పొరలోంచి వచ్చే కొత్త నీరే పంపులోకి వస్తుంది. తోడిన నీరు మొత్తం ఒక బకెట్టో రెండు బకెట్లో, దాన్ని పారబోసే తలనొప్పీ తగ్గుతుంది.

ఏ పద్ధతైనా ఎప్పుడు ఆపాలో గడియారం చెప్పదు, మీటర్లు చెబుతాయి. గాలి తగలకుండా నీరు మీటర్ల గుండా పోయే పెట్టెను పంపు గొట్టానికి కలిపి, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి రీడింగ్ రాయండి. వరుసగా మూడు రీడింగుల్లో పీహెచ్ తేడా 0.1 లోపు, ఈసీ 3 శాతం లోపు, ఓఆర్‌పీ 10 మిల్లీవోల్టుల లోపు, కరిగిన ఆక్సిజన్, బురదతనం 10 శాతం లోపు ఉంటే నీరు నిలకడకు వచ్చినట్టు. పెట్టె లేకపోతే బకెట్‌లో ముంచి కొలిచే పీహెచ్, ఈసీ కొంతవరకు పనికొస్తాయి. ఆక్సిజన్, ఓఆర్‌పీ అలా కొలిచి రాయడం దండగ, గాలి తగలగానే అవి మారిపోతాయి.

మన గట్టి రాతి బోర్లలో తరచుగా వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. ఎంత నెమ్మదిగా తోడినా నీరు అడుగంటుతుంది. అలాంటప్పుడు బోరు ఎండేదాకా తోడి వదిలేసి, శాంపిల్‌కు సరిపడా నీరు ఊరాక, 24 గంటల్లోపు తీయాలి. ఫారంలో ఆ సంగతి స్పష్టంగా రాయాలి. ఎండిన రాళ్ల మీదుగా కారుతూ నీరు ఊరేటప్పుడు ఆవిరయ్యే పదార్థాలు కొంత పోతాయి కాబట్టి, ఆ బోరు ఫలితాన్ని మిగతావాటితో సమానంగా చూడకూడదు.

తోడిన నీటిని పక్క పొలంలోకి వదిలేయకండి. కలుషితమై ఉండొచ్చనే కదా పరీక్షిస్తున్నాం. డ్రమ్ముల్లో పట్టి, రిపోర్టు వచ్చాక ఎక్కడ పారబోయాలో నిర్ణయించాలి.

సీసాలు నింపడం

మీటర్ల పెట్టెను విడదీసి, దాని ముందున్న గొట్టం నుంచే నేరుగా నింపాలి. కొత్త గ్లౌజులు. ముందుగా ఆవిరయ్యే పదార్థాల సీసాలు, తర్వాత లోహాలు, ఆపైన మిగతావి.

40 మిల్లీలీటర్ల సీసాను కాస్త వంచి, గోడ వెంట సన్నటి ధారగా నింపండి. నీరు అంచు పైకి ఉబ్బెత్తుగా నిలిచాక మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ కనబడితే ఆ సీసా పారేసి ఇంకోటి నింపండి, పైన కొంచెం పోసి సర్దొద్దు. యాసిడ్ వేయగానే నీరు నురగగా పొంగితే అందులో కార్బొనేట్లు ఎక్కువన్నమాట. అప్పుడు యాసిడ్ లేకుండా నింపి, ఏడు రోజుల్లో పరీక్ష చేయించాలి. బ్యాక్టీరియా సీసాకు దీనికి విరుద్ధం. నిండా నింపకూడదు, ల్యాబ్ వాళ్లు కుదిపేందుకు కొంచెం ఖాళీ వదలాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు.

లోహాల దగ్గర ఒక రసాయనం గుర్తుంచుకోవాలి. భూమి లోపల ఆక్సిజన్ లేని చోట ఇనుము కరిగి, రంగు లేకుండా ఉంటుంది. బయటికొచ్చి గాలి తగలగానే ఎర్రటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. దిగుతూ దిగుతూ ఆర్సెనిక్ లాంటి వాటిని కూడా తనతో లాక్కుపోతుంది. సాయంత్రం గదికెళ్లాక తీరిగ్గా ఫిల్టర్ చేద్దామంటే, అప్పటికే ఆర్సెనిక్ ఆ మడ్డిలో చేరి ఫిల్టర్ కాగితం మీద ఆగిపోతుంది, సీసాలో తక్కువ కనబడుతుంది. కరిగిన లోహాలు కావాలంటే బోరు దగ్గరే, పంపు గొట్టానికే 0.45 మైక్రాన్ ఫిల్టర్ తగిలించి, వెంటనే యాసిడ్ వేయాలి. ముందు ఫిల్టర్, తర్వాత యాసిడ్. వరుస మారితే రేణువుల్లోని లోహం కరిగి ఎక్కువ చూపిస్తుంది. ఎవరైనా ఆ నీరు తాగుతున్నారంటే ఫిల్టర్ చేయని శాంపిల్ కూడా విడిగా తీయండి. మనుషులు ఫిల్టర్ కాగితంలోంచి తాగరు కదా.

లేబుల్ మీద బోరు నంబరు, తేదీ, సమయం, వేసిన యాసిడ్, ఫిల్టర్ చేశారా లేదా, తీసినవారి పొడి అక్షరాలు ఉండాలి. సీసా నింపకముందే, చేతులు పొడిగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి.

మన పనిని మనమే పరీక్షించుకోవడం

పది శాంపిళ్లకు ఒకటి చొప్పున అదే బోరు నుంచి రెండో సెట్ తీసి, వేరే నంబరుతో, అది జంట శాంపిల్ అని ల్యాబ్‌కు చెప్పకుండా పంపండి. రెండింటి తేడా 20 శాతం దాటితే ఎక్కడో ఏదో జరిగింది. కడిగిన పంపు గుండా డిస్టిల్డ్ వాటర్ పోసి పట్టిన శాంపిల్ ఒకటి ఉండాలి. అందులో క్లోరైడో సీసమో కనబడితే మన కడగడమే బాగాలేదని అర్థం. ఆవిరయ్యే పదార్థాలు చూస్తున్నప్పుడు ల్యాబ్‌లోనే నింపి, మూత తీయకుండా మనతో తిరిగి వెనక్కి వెళ్లే సీసా కూడా ఒకటి కావాలి. ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతివాళ్లూ ముందు కొట్టేసేది వీటినే. నన్నడిగితే ఒక బోరు తగ్గించుకోండి గానీ వీటిని వదలకండి.

బోరుకూ బోరుకూ మధ్య పంపును, సౌండర్ టేపును సబ్బు నీటితో, తర్వాత మంచి నీటితో, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. గొట్టాలు, బెయిలర్ తాళ్లు మాత్రం ప్రతి బోరుకూ కొత్తవి వాడండి.

ఐస్, కాగితాలు

సీసాలు నింపిన వెంటనే ఐస్‌లో పెట్టి, 6 డిగ్రీల లోపు ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఐస్‌ను కవర్లలో కట్టి పెడితే కరిగిన నీటిలో లేబుళ్లు తేలిపోవు. ఎండాకాలం దారిలో ఐస్ మళ్లీ దొరికే ఊరు ఏదో ముందే చూసుకోండి.

చెయిన్ ఆఫ్ కస్టడీ ఫారం అంటే శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ సమయంలో మారిందో సంతకాలతో రాసే కాగితం. ఎవరూ కోర్టుకు వెళ్లకపోయినా దాన్ని నింపండి. కేసు దాకా వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం సొంత శాంపిల్ మీదే ఆధారపడకండి. 1974 జల చట్టం 21వ సెక్షన్ బావుల నుంచి నమూనాలు తీసే అధికారాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చింది. మీ ఫలితాలను జతచేసి, వాళ్లను వచ్చి తీయమని రాతపూర్వకంగా అడగండి.

రిపోర్టు వచ్చాక

ముందు హద్దులు చూడకండి, ముందు లెక్క సరిపోతుందో లేదో చూడండి. ధనావేశ, ఋణావేశ అయాన్ల మొత్తాలు 5 శాతం, మహా అయితే 10 శాతం తేడాలో సరిపోవాలి. లీటరుకు మిల్లీగ్రాముల్లో టీడీఎస్ సాధారణంగా మైక్రోసీమెన్స్‌లో రాసిన ఈసీకి 0.55 నుంచి 0.75 వంతు ఉంటుంది. బోరు దగ్గర మీరు రాసుకున్న ఈసీకి, ల్యాబ్ ఈసీకి పెద్ద తేడా ఉంటే సీసాలు తారుమారయ్యాయేమో అడగండి. పరీక్ష చేసిన తేదీలు గడువు లోపలే ఉన్నాయా చూడండి.

ఆ తర్వాత ఎగువ బోరుతో పోలిక. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఎగువన క్లోరైడ్ 80, దిగువన 400 ఉండి, అమ్మోనియా కూడా దిగువనే కనబడితే లీచేట్ వైపు బలంగా వేలు చూపవచ్చు. ఐఎస్ 10500లో క్లోరైడ్‌కు కోరదగిన హద్దు 250, వేరే నీరు లేనప్పుడు 1000 కాబట్టి, ఆ 400 తాగునీటి లెక్కలో సర్దుకుపోదగ్గదే కావచ్చు. కానీ కాలుష్యం చేరిందా అన్న ప్రశ్నకు 80కీ 400కీ మధ్య తేడాయే జవాబు. తాగడానికి పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న, దానికి నైట్రేట్ 45, అమ్మోనియా 0.5, సీసం 0.01 మిల్లీగ్రాముల హద్దులతో విడిగా చూడాలి.

ఏదైనా అంకె మరీ వింతగా ఉంటే, గడువు మిగిలి ఉండగానే అదే సీసా నుంచి మళ్లీ చేయమని ల్యాబ్‌ను అడగండి. మళ్లీ అదే అంకె వస్తే ఆ బోరుకు తిరిగి వెళ్లి, అదే లోతులో పంపు పెట్టి, అదే వేగంతో తోడి, ఇంకో శాంపిల్ తీయాలి. అందుకే మొదటిసారి పంపు పెట్టిన లోతు, తోడిన వేగం ఫారంలో రాసి ఉండాలి.